సరస్సులో క్రేఫిష్ నిజంగా ఏం తింటోందో తేల్చడం ఎలా

క్రేఫిష్ పొట్టను మొదటిసారి కోసి చూసినప్పుడు నేనొక పొరపాటు నిర్ణయానికి వచ్చాను. మైక్రోస్కోపు కింద కనిపించిందల్లా గోధుమరంగు ముద్ద. కుళ్ళిన ఆకు పొట్టు, ఇసుక రేణువులు, నాచు పోగులు, అక్కడక్కడా ఒక పురుగు తల. ఇది చెత్త తిని బతికే జీవి, దీనివల్ల సరస్సుకి పెద్ద నష్టమేమీ ఉండదనుకున్నాను. అదే సరస్సు ఒడ్డున గంటసేపు వెతికినా నత్త దొరకలేదు. నీటి మొక్కలు మొదలంటా తెగి అలల మీద తేలుతున్నాయి.

పొట్టలో కనిపించేది ఒకటి. ఒంటికి పట్టింది ఇంకొకటి. సరస్సులో పాడుచేసింది మరొకటి. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు, ఒక్కోదాన్ని ఒక్కో పద్ధతిలో అడగాలి. ఒకదానికి వచ్చిన జవాబును మిగతా రెండింటికీ సర్దేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. పర్యావరణ శాస్త్రమో ఫిషరీసో చదువుకోవడానికి అమెరికా వచ్చి, ఏదో ఒక సరస్సు మీద వేసవి పని దొరికిన మన విద్యార్థుల కోసం ఈ పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

క్రేఫిష్‌ని చూడనివాళ్ళకి ఒక మాట. భారతదేశంలో సహజంగా పుట్టిన క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు, అందుకే తెలుగులో దానికి పేరూ లేదు. మన నీలకంఠ రొయ్యకి సన్నటి పొడుగు చేతుల బదులు ఎండ్రకాయకి ఉన్నట్టు లావాటి కత్తెర కాళ్ళు, ఒంటికి గట్టి పెంకు పెట్టి ఊహించుకోండి. పగలు రాళ్ళ కింద దాక్కుని, చీకటి పడ్డాక తిండికి బయల్దేరుతుంది.

నేను ఉదాహరణగా తీసుకుంటున్నది ఉత్తర విస్కాన్సిన్‌లోని విలాస్ కౌంటీ సరస్సులు, అక్కడికి చొరబడిన రస్టీ క్రేఫిష్. దీని సొంత ఊరు ఒహాయో నది పరీవాహక ప్రాంతం. చేపలు పట్టేవాళ్ళు ఎరగా తెచ్చి, మిగిలినవాటిని నీళ్ళలో పారబోయడంతో ఉత్తరాదికి పాకింది. ట్రౌట్ లేక్‌లో దీన్ని మొదట చూసింది 1979లో. సుమారు 1,600 హెక్టార్ల ఆ సరస్సు ఒడ్డంతా చుట్టడానికి దానికి 19 ఏళ్ళు పట్టింది. 1981 నుంచి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ సరస్సుల్ని ఏటా కొలుస్తున్నారు కాబట్టి ముందేముందో, తర్వాతేమైందో చెప్పగలుగుతున్నాం. ఒకప్పుడు చదరపు మీటరుకి పదివేలకు పైగా నత్తలున్న ఒక చోట, పదేళ్ళకల్లా ఐదు కూడా మిగల్లేదు.

1. ముందు అనుమతి, ఆ తర్వాత గుర్తుపట్టడం

విస్కాన్సిన్‌లో పరిశోధన కోసం ఏ నీటి జీవిని పట్టాలన్నా రాష్ట్ర సహజ వనరుల శాఖ నుంచి అనుమతి కాగితం ఉండాలి. సెలవులకని కుటుంబంతో వెళ్ళి సరదాగా పట్టేవాళ్ళకీ నియమాలున్నాయి. మిసిసిపీ నది మినహా, లోపలి జలాల మీద గాలంతోపాటు బతికున్న క్రేఫిష్‌ని దగ్గర పెట్టుకోకూడదు. పట్టినదాన్ని ఇంకో నీటిలో వదలకూడదు. పిల్లలు బకెట్లో వేసుకుని, సాయంత్రం బస దగ్గరున్న మరో సరస్సులో జాలిపడి వదిలేస్తుంటారు. దయచేసి అలా చేయనివ్వకండి. ఆడది శరదృతువులో జతకట్టి, ఆ బీజాన్ని వసంతం దాకా ఒంట్లో దాచుకుంటుంది. అలాంటి ఆడది ఒక్కటి చాలు, కొత్త సరస్సులో సంతతి మొదలవుతుంది.

రస్టీని గుర్తుపట్టడానికి వీపు పెంకుకి రెండు పక్కలా చూడండి. కావిరంగు పూసుకున్న వేళ్ళతో పట్టుకుంటే మిగిలే మరకల్లా రెండు మచ్చలుంటాయి. కత్తెర కాళ్ళ కొసల్లో నల్లటి పట్టీ, కత్తెర మూసినప్పుడు మధ్యలో కోలగా ఒక సందు. మచ్చలు అన్నిటికీ స్పష్టంగా ఉండవు కాబట్టి ఒక్క గుర్తు మీదే ఆధారపడొద్దు. అక్కడ అంతకుముందే ఉన్న వీరిలిస్, ప్రొపింకస్ జాతులు కూడా మీ బుట్టలో పడతాయి. పైగా రస్టీ ప్రొపింకస్‌తో జతకట్టి సంకర సంతానాన్ని కంటుంది. అనుమానంగా ఉన్నదాన్ని విడిగా చీటీ కట్టి పెట్టండి, బలవంతంగా ఏదో ఒక గుంపులో వేయొద్దు.

2. సరస్సు అడుగును చదవండి

పడవ వేసుకుని ఒడ్డు చుట్టూ తిరిగి అడుగు ఎక్కడ గులకరాళ్ళు, ఎక్కడ ఇసుక, ఎక్కడ మొక్కలు అని పటం గీయండి. రాళ్ళున్న చోట క్రేఫిష్ ఎక్కువ, ఎందుకంటే స్మాల్‌మౌత్ బాస్, రాక్ బాస్ లాంటి చేపల నుంచి దాక్కోవడానికి సందులు దొరుకుతాయి. ఒకే సరస్సులో రాళ్ళ మీద బతికేది, మొక్కల మధ్య బతికేది తినే తిండి ఒకటి కాదు. మూడు రకాల అడుగు నుంచీ నమూనాలు రావాలి.

3. పట్టడం

కొల్లేట్లో మావులు పెట్టినట్టే ఇక్కడా బోను పెడతారు. చిన్న చేపల కోసం అమ్మే తీగ బుట్ట తీసుకుని, దాని నోటిని మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దాకా వెడల్పు చేస్తారు. లోపల గొడ్డు కాలేయం ముక్క ఎరగా పెట్టి, సాయంత్రం దించి, ఉదయం ఎత్తుతారు. సరస్సులో క్రేఫిష్ ఎంతుందో ఏటా పోల్చి చూడటానికి ఇది మంచి పద్ధతి.

తిండి సంగతి తేల్చడానికి మాత్రం దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే రెండు ఇబ్బందులు. మొదటిది, బోనులో పడేవి ఎక్కువగా పెద్ద మగవి. పిల్లలు, గుడ్లు మోస్తున్న ఆడవి దాదాపు రావు. రెండోది ఇంకా పెద్దది: రాత్రంతా బోనులో కూర్చుని మీ కాలేయమే తింటాయి. తెల్లవారి పొట్ట కోస్తే "మాంసం ఎక్కువగా తింటోంది" అని మీకు మీరే రాసుకుంటారు. అందుకని ఎరను సన్న బెజ్జాలున్న డబ్బాలో మూసి పెట్టండి. వాసన బయటికొస్తుంది, ముక్క అందదు. అలా పట్టినవాటిని కూడా ఐసోటోపు పరీక్షకే (కండలో బరువైన, తేలికైన పరమాణువుల వంతు చూసి తిండిని తేల్చే పరీక్ష, ఐదో భాగంలో వస్తుంది) వాడండి.

పొట్ట పరీక్షకి కావలసినవాటిని చేత్తో పట్టాలి. సూర్యాస్తమయమయ్యాక రెండు మూడు గంటలు ఆగి, తలకి దీపం కట్టుకుని, లోతు తక్కువ నీళ్ళలో చిన్న వలతో నెమ్మదిగా నడవండి. క్రేఫిష్ వెనక్కి దూకుతుంది కాబట్టి వలను దాని తోక వెనక పెట్టి, ముందు నుంచి చేత్తో అదిలించాలి. లోతున్న చోట స్నార్కెల్ కావాలి. ఒంటరిగా మాత్రం దిగొద్దు, జూన్‌లో కూడా ఆ నీళ్ళు ఒళ్ళు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి.

పట్టిన వెంటనే ఐసు పెట్టెలో వేయండి. లేకపోతే ఒడ్డుకొచ్చేలోపు పొట్టలో మెత్తటి తిండి అరిగిపోతుంది. ప్రతిదానికీ వీపు పెంకు పొడవు, ఆడా మగా, ఎక్కడ ఎన్ని గంటలకి దొరికింది, పెంకు గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నవి రాయండి. పెంకు మార్చుకునే రోజుల్లో క్రేఫిష్ తిండి మానేస్తుంది. మెత్తని పెంకువాటిని లెక్కలో కలిపితే ఖాళీ పొట్టలు ఎక్కువై తప్పుడు చిత్రం వస్తుంది.

4. పొట్ట: నిన్న రాత్రి ఏం నోట్లో పెట్టుకుంది?

ఫ్రీజర్‌లో పెట్టి పూర్తిగా చనిపోయాకే కోయండి. వీపు పెంకును వెనక నుంచి ముందుకి రెండు పక్కలా కత్తిరించి ఎత్తితే, కళ్ళ వెనకే పల్చటి సంచిలా పొట్ట కనిపిస్తుంది. రెండు కొసలూ కోసి బయటికి తీసి, గళ్ళు గీసిన గాజు పళ్ళెంలో నీళ్ళతో కడగండి.

క్రేఫిష్‌కి పొట్టలోనే మూడు పళ్ళున్న తిరగలి ఉంటుంది. నోటితో తుంచింది అక్కడ పిండి అవుతుంది. కాబట్టి ఏదీ మొత్తంగా దొరుకుతుందని ఆశించొద్దు, ముక్కల్ని బట్టే మూలాన్ని పోల్చుకోవాలి. కైరోనమిడ్ పురుగుకి (దోమలాంటి ఒక ఈగ పిల్ల, నీటి అడుగున బతుకుతుంది) గట్టి తల చిప్ప మిగులుతుంది. తూనీగ పిల్లకి కొక్కెంలాంటి దవడ భాగం. నత్తకి ముళ్ళ వరసలున్న నాలుక పట్టీ, కొన్ని జాతుల్లో మూత. మొక్కకి ఇటుకలు పేర్చినట్టున్న కణాల గోడ. రాళ్ళ మీద పాకుడుకి డయాటమ్‌ల (కంటికి కనిపించనంత చిన్న నాచు కణాల) గాజు పెంకులు. ఒడ్డు చెట్ల నుంచి రాలిన ఆకయితే ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా కనిపిస్తుంది.

రెండు చోట్ల కొత్తవాళ్ళు తప్పకుండా తడబడతారు. పొట్ట గోడలో తెల్లటి గుండీల్లాంటి రెండు రాళ్ళు కనిపిస్తే అవి నత్త గుల్లలు కావు. పెంకు మార్చుకోబోయే ముందు క్రేఫిష్ పాత పెంకులోని సున్నాన్ని కొంత అక్కడ దాచుకుంటుంది, వాటిని గాస్ట్రోలిత్‌లంటారు. అలాగే పొట్టలో క్రేఫిష్ పెంకు ముక్కలు దొరికాయని వెంటనే "తోటిదాన్ని తింది" అని రాయకండి. తోటిదాన్ని తినడం నిజంగానే ఉంది, కాని తను విడిచిన పెంకును తనే తినడం కూడా ఉంది. పక్కన కండరం ముక్క కూడా ఉంటేనే మొదటిదాని కింద లెక్కవేయండి.

పళ్ళెంలో గళ్ళ గీతలు కలిసే ప్రతి చుక్క కింద ఏముందో రాసుకుంటూ పోతే ఏ రకం ఎంత వంతుందో వస్తుంది. చిన్నవి, మధ్యవి, పెద్దవి అని విడగొట్టి ఒక్కో గుంపులో ఇరవైకి తగ్గకుండా చూడమని నా సలహా. చాలా క్రేఫిష్ జాతుల్లో పిల్లలు పురుగుల్ని ఎక్కువగా, పెద్దవి మొక్కల్ని, కుళ్ళు ఆకుని ఎక్కువగా తింటాయి. అన్నిటినీ కలిపి సగటు తీస్తే ఈ తేడా మాయమైపోతుంది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటుకి వస్తాను. పురుగు మాంసం కొద్ది గంటల్లో కరిగిపోతుంది. ఆకు పీచు అరగక చాలాసేపు అలాగే ఉంటుంది. అందుకే ఏ క్షణంలో కోసినా పొట్టలో ఆకే ఎక్కువగా కనిపిస్తుంది. మిస్సోరీలోని ఓజార్క్ వాగుల్లో క్రేఫిష్ మీద జరిగిన పనిలో ఇదే తేలింది: పరిమాణంలో కుళ్ళు ఆకే ఎక్కువ, కాని పెరుగుదలకి ఆధారం ఎక్కువగా జంతు ఆహారం. పొట్ట చెప్పేది "ఏయే రకాలు తింది" అన్నదే. "దేనివల్ల పెరిగింది" అని దాన్ని అడగకూడదు.

5. కండ: దేనితో ఒళ్ళు కట్టుకుంది?

ఈ ప్రశ్నకి ఐసోటోపులు కావాలి. తోక కండ చిన్న ముక్క చాలు. పెంకు కలవనివ్వకండి, దానిలోని సున్నం కార్బన్ లెక్కను చెడగొడుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు రోజులు ఎండబెట్టి, పొడి చేసి, ఒక మిల్లీగ్రాము మేర తగరపు గొట్టంలో మడిచి ప్రయోగశాలకి పంపాలి. కండ మారడానికి వారాల నుంచి నెలలు పడుతుంది కాబట్టి ఇది ఒక్క రాత్రి భోజనం మాట చెప్పదు, సీజను మొత్తం చెబుతుంది.

రెండు అంకెలొస్తాయి, ఒకటి నత్రజనిది, ఒకటి కార్బన్‌ది. బరువైన పరమాణువుల వంతు ఒక ప్రామాణిక నమూనాకన్నా వెయ్యికి ఎంత ఎక్కువో తక్కువో చెప్పే అంకెలివి, తక్కువైతే మైనస్. నత్రజని అంకె ఆహార గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ సగటున 3.4 పెరుగుతుంది. కార్బన్ అంకె మెట్టుకి పెద్దగా మారదు, తిండి ఎక్కడిదో చెబుతుంది: ఒడ్డు రాళ్ళ పాకుడు నుంచి వచ్చిందయితే సున్నాకి దగ్గరగా, నడిసరస్సు ప్లవకాల నుంచి వచ్చిందయితే దూరంగా ఉంటుంది. చెట్ల ఆకుది దాదాపు మైనస్ 28.

లెక్క ఎలా చేయాలో ఊహించిన అంకెలతో చూపిస్తాను. పాకుడు మేసే ప్రాణి నత్రజని అంకె 3.0, మీ క్రేఫిష్‌ది 6.2 అనుకోండి. తేడా 3.2. దాన్ని 3.4తో భాగిస్తే 0.94. మేసే ప్రాణి రెండో మెట్టు కాబట్టి క్రేఫిష్ 2.94వ మెట్టు మీదుంది. అంటే దాదాపు పూర్తిగా జంతు ఆహారం మీద కట్టుకున్న ఒళ్ళు. ఆకులు మాత్రమే తిని బతికేదయితే 2 దగ్గర ఆగేది. కార్బన్ కూడా ఇంతే: ఒడ్డుది మైనస్ 20, నడిసరస్సుది మైనస్ 30, క్రేఫిష్‌ది మైనస్ 22 అయితే, పది అంకెల దూరంలో ఎనిమిది ఒడ్డు వైపున్నట్టు. ఎనభై శాతం ఒడ్డు తిండి.

ఇక్కడే అసలు చిక్కు. సాధారణంగా ఒడ్డుకి కొలమానంగా నత్తను, నడిసరస్సుకి ఆల్చిప్పను తీసుకుంటారు. మీ సరస్సులో నత్తల్ని క్రేఫిషే తినేసి ఉంటే కొలమానం దొరకదు! అప్పుడు రాళ్ళ మీద పాకుడు మేసే మేఫ్లై అనే పురుగు పిల్లల్ని తీసుకోండి. పాకుడును కూడా బ్రష్‌తో గీకి విడిగా పంపండి. కొలమానాల్ని క్రేఫిష్ దొరికిన చోటే, అదే నెలలో పట్టాలి. వేరే సరస్సు అంకెలు అరువు తెచ్చుకుని వేసిన లెక్కను నేను నమ్మను. ప్రతి సరస్సుకీ నత్రజని మొదలయ్యే చోటు వేరు.

6. పంజరం: సరస్సుకి ఏం చేసింది?

పొట్ట, కండ రెండూ పరీక్షించినా ఇంకో సంగతి దొరకదు. రస్టీ క్రేఫిష్ మొక్క కాడను మొదట్లో కత్తిరించి, కొంచెం కొరికి, మిగతాది వదిలేస్తుంది. ఆ వదిలేసింది పొట్టలోకీ రాదు, కండలోకీ రాదు. నీటి మీద తేలి ఒడ్డుకి కొట్టుకొస్తుంది. ట్రౌట్ లేక్‌లో కొన్ని చోట్ల మునిగి పెరిగే మొక్కల రకాలు 80 శాతం దాకా తగ్గిపోయాయి. ఆ నష్టం మొత్తం తిండి కింద లెక్కకి రాదు.

దీన్ని కొలవడానికి చదరపు మీటరు అడుగున్న వల పంజరాలు కట్టండి. మూడు రకాలు కావాలి: క్రేఫిష్ లోపల పెట్టి మూసింది, క్రేఫిష్ రాకుండా మూసింది, పక్కలు తెరిచి ఉంచింది. మూడోది ఎందుకంటే, వల నీడ పడి, అల తగ్గి, పంజరం ఉన్నందువల్లే మొక్కలు మారొచ్చు. ఆ మార్పును క్రేఫిష్ ఖాతాలో వేయకూడదు. ఒక్కో రకం కనీసం ఐదు ఉండాలి, ఒకే రకం అంతా ఒక చోట పడకుండా మూడింటినీ కలగలిపి పెట్టండి. వల అంచును ఇసుకలో జానెడు లోతు పాతకపోతే తవ్వుకుని వెళ్ళిపోతాయి. లోపల పెట్టే సంఖ్య సరస్సులో మీరు లెక్కపెట్టిన సంఖ్యకి దగ్గరగా ఉండాలి. ఫలితం గట్టిగా కనబడాలని ఇరవై కుక్కితే అవి ఒకదాన్నొకటి తింటాయి, మీ లెక్క ఎందుకూ పనికిరాదు.

మొదటి రోజు, ఆ తర్వాత వారానికోసారి ఇవి చూడండి:

- నిలబడి ఉన్న కాడలెన్ని, పంజరంలో తేలుతున్న తెగిన కాడలెన్ని. తేలేవాటిని ఏరి ఎండబెట్టి తూచండి.
- నత్తలెన్ని. పల్చటి గుల్లవి, మందమైనవి విడివిడిగా. పల్చటివి ముందు పోతాయి.
- ముందే దించి పెట్టిన మట్టి పలకల మీద పాకుడు ఎంత పట్టింది.

మూడోదాని దగ్గర కాస్త ఆగండి. క్రేఫిష్ పాకుడును కూడా తింటుంది కాబట్టి అది ఉన్న పంజరంలో పాకుడు తగ్గాలి అనిపిస్తుంది. చాలాసార్లు పెరుగుతుంది. పాకుడును మేసే నత్తల్ని క్రేఫిష్ తినేసింది, మేసేవాళ్ళు లేక పాకుడు పెరిగింది. తిండిజాలంలో రెండు మెట్ల అవతల జరిగే ఈ మార్పు పొట్టలో ఎన్నేళ్ళు వెతికినా కనిపించదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన కొలత ఇదే.

ప్రయోగశాలలో తొట్టి పరీక్ష కూడా చేయొచ్చు. ఒక రోజు పస్తు పెట్టి, తూచిన తిండి ఇచ్చి, మర్నాడు మిగిలింది తూచడం. పక్కనే క్రేఫిష్ లేని తొట్టి ఒకటి ఉంచండి, మొక్క దానంతటదే బరువు మారుతుంది. ఒకే సైజున్న వీరిలిస్‌తో పోలిస్తే రస్టీ దాదాపు రెట్టింపు తింటుంది, దాని ఒంటి ఖర్చు అంత ఎక్కువ. "ముందు కూడా ఒక క్రేఫిష్ ఉండేదిగా, ఇప్పుడు ఇంకొకటి వచ్చింది, తేడా ఏముంది?" అని అడిగేవాళ్ళకి ఈ తొట్టి చూపించండి.

7. చేపల్ని మర్చిపోకండి

పంజరంలో బాస్ చేప లేదు. బయట ఉంది. చేప తిరుగుతుంటే క్రేఫిష్ రాయి వదిలి దూరం పోదు, తక్కువ మేస్తుంది. కాబట్టి పంజరంలో కనిపించిన నష్టాన్ని సరస్సు మొత్తానికి గుణించేయొద్దు. రాత్రిపూట రాళ్ళ మీద, మొక్కల్లో ఎన్ని తిరుగుతున్నాయో దీపంతో లెక్కపెట్టి, ఆ సంఖ్యతో సరిచూడండి. మరో పక్క నుంచి కూడా చూడాలి. క్రేఫిష్ చేప గుడ్లను తింటుంది, చేపపిల్లలు దాక్కునే మొక్కల్ని నరుకుతుంది. ట్రౌట్ లేక్‌లో బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్ చేపలు తగ్గిపోయాయి.

8. తీసేస్తే ఏమవుతుంది?

క్రేఫిష్ వల్లే ఇదంతా జరిగిందని ఖాయం చేసుకోవడానికి దాన్ని తీసేసి చూడటం కన్నా గట్టి పరీక్ష లేదు. ట్రౌట్ లేక్‌కి దగ్గర్లోనే ఉన్న 64 హెక్టార్ల స్పార్‌క్లింగ్ లేక్‌లో 2001 నుంచి 2008 దాకా ఆ పని చేశారు. ప్రతి వేసవి బోన్లతో పెద్దవాటిని ఎత్తేశారు. దాంతోపాటు స్మాల్‌మౌత్ బాస్‌ని పట్టుకెళ్ళడం మీద ఆంక్షలు పెట్టి, బోనులో పడని చిన్నవాటిని చేపలకి వదిలారు. బోనుకి చిక్కే సంఖ్య 99 శాతం పడిపోయింది. ఆపేశాక కూడా నాలుగేళ్ళ పాటు తక్కువగానే ఉంది. మొక్కలు తిరిగొచ్చాయి, బ్లూగిల్ జాతి చేపలు పెరిగాయి.

మీరు చిన్న సరస్సులో ఇలాంటిది మొదలుపెట్టబోతుంటే, మొదటి బోను దించడానికి ముందు ఒక పూర్తి వేసవి కొలతలకే కేటాయించండి. ఏ చోట కొలిచారో జీపీఎస్‌లో గుర్తుపెట్టి, అడుగున ఒక ఇటుక కూడా పాతండి, జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. తర్వాతి ఏడాది జులై చివర్లో, అదే లోతులో, అదే ఇటుక పక్కన చదరపు మీటరు చట్రం దించి నత్తల్ని లెక్కపెట్టండి. పడవ, వలలు, బూట్లు ఇంకో సరస్సుకి వెళ్ళేముందు పూర్తిగా ఆరాలి. చట్రం గొట్టాల్లో నీళ్ళు నిలుస్తాయి, వాటిని తలకిందులు చేసి ఆరబెట్టండి.